ఆషాఢంలో తెరచాప

ఉప్పల్ వాళ్ళకు సెలవంటే రింగురోడ్డు దగ్గర బస్సెక్కడం. వరంగల్ బస్సయితే చుట్టాలు, యాదగిరిగుట్ట బస్సయితే నరసింహస్వామి. నీళ్ళ దగ్గరికి మేం పోవడం తక్కువ, నీళ్ళే మా దగ్గరికి వస్తుంటాయి. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లకు పైగా వాన పడ్డ రాత్రి, రామంతాపూర్, హబ్సిగూడ కాలనీల్లో ఎంతోమంది మేడమెట్ల మీద కూర్చుని నీళ్ళు ఎన్నో మెట్టెక్కాయో చూసుకుంటూ తెల్లవార్చారు. ఇక నాచారం పెద్దచెరువూ, ఉప్పల్ నల్లచెరువూ ఉన్నాయి గానీ, వాటిలో నీళ్ళకంటే గుర్రపుడెక్క కనబడే రోజులే ఎక్కువ. ఇలాంటి చోట పెరిగిన నలుగురు యాభై దాటాక తెరచాప పడవ మీద సెలవులు గడుపుతామంటే ఇంట్లోవాళ్ళు నవ్వక ఏం చేస్తారు?

నలుగురంటే నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ మెషీన్లు పెట్టుకున్న మిత్రుడు, బ్యాంకు మేనేజరుగా రిటైరై ఇప్పటికీ అందరిచేతా సార్ అనిపించుకునే పెద్దమనిషి, హెచ్‌ఎంటీ నగర్ టెంట్‌హౌస్ అన్న, నేను. అయిదోవాడే అసలు మనిషి. ఆర్మీ ఈఎంఈ విభాగంలో హవల్దారుగా పనిచేసి మా కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ హుస్సేన్‌సాగర్‌లో పాతకాపు. ఏటా జులైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పేరుతో దేశం నలుమూలల పడవలవాళ్ళను పిలిచి పోటీలు పెట్టేది వాళ్ళే. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించిన చెరువులో జాతీయ పోటీలేమిటని నాకూ అనిపించేది. కారణం గాలి. ఎండాకాలం పోయి నైరుతి రాగానే సాగర్ మీద పడమటి గాలి ఒరవడిగా వీస్తుంది. ఆ గాలి జులైలో వస్తుంది, జులైలో ఆషాఢమూ వస్తుంది, ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి టెంట్‌హౌస్ అన్న ఖాళీగా ఉంటాడు. ఆదివారాలు మాత్రం బోనాల పందిళ్ళు. అందుకని మిగతావాళ్ళం పనిరోజుల్లో సెలవు పెట్టుకున్నాం.

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రసూల్‌పురాలో దిగి ఆటో మాట్లాడుకుంటే సాగర్ ఒడ్డు. మేం వెళ్ళేసరికే పిల్లలు నీళ్ళమీద ఉండేవారు. ఎనిమిదడుగులు కూడా లేని ఆప్టిమిస్ట్ పడవల్లో ఒక్కొక్కరే కూర్చుని, ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో తాడు పట్టుకుని తిరిగేవాళ్ళు. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బీదిళ్ళ పిల్లలకు ఇక్కడే సెయిలింగ్ నేర్పుతుంది. ఆ క్లబ్బులో తయారైన కొంగర ప్రీతి 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల దాకా వెళ్ళింది. ఆ పిల్లల ముందు మేం లైఫ్ జాకెట్ల బకిల్సు ఎటు నుంచి ఎటు పెట్టాలో తెలియక నిలబడ్డాం. అవి పెట్టుకునేటప్పుడు మాత్రం ఎవరం పరాచికాలాడలేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు అందులో కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్ళున్నారు, హైదరాబాదు వాళ్ళూ ఉన్నారు.

మాకిచ్చింది ఎంటర్‌ప్రైజ్ అనే 13 అడుగుల పడవ. రెండు తెరచాపలు, ఇద్దరి పని. ఒకడు చుక్కాని పట్టాలి, ఒకడు ముందు చాప చూసుకోవాలి. గాలి మెత్తగా ఉంటే మూడోవాణ్ణి కూడా ఎక్కించుకునేవాడు హవల్దారు. మిగిలినవాళ్ళు ఒడ్డుమీద కూర్చుని మొక్కజొన్న కంకులు తింటూ సలహాలిచ్చేవాళ్ళు.

తెరచాప పడవ గాలి వచ్చే దిక్కుకు సూటిగా పోలేదు. సుమారు 45 డిగ్రీలు ఇటు వంగి కొంతదూరం, అటు వంగి కొంతదూరం పోతూ మెట్లు మెట్లుగా గాలిని ఎక్కాలి. ఉప్పల్‌లో ఎదురుగా కనబడే షాపుకు పోవాలన్నా కిలోమీటరు అవతలి యూటర్న్ దాకా పోయి వచ్చేవాళ్ళం గనుక ఈ సిద్ధాంతం మాకు తొందరగానే తలకెక్కింది. ఎక్కనిది వేరే. తిరిగిన ప్రతిసారీ చాప ఇటునుంచి అటు పడుతుంది, చాప అడుగునున్న బూమ్ తలల మీదుగా పోతుంది, ఆ క్షణంలోనే మనుషులు ఆ పక్క నుంచి ఈ పక్కకు మారి అంచు మీద కూర్చోవాలి. అంటే అనుభవం లేని నావికుడి మొదటి ఉద్యోగం బరువు. కదిలే బరువు.

ఆ బరువెంత ముఖ్యమో సాగర్ నడుమ నిలబడ్డ బుద్ధుడే చెబుతాడు. మా వరంగల్ రోడ్డు మీది రాయగిరి దగ్గర కొండరాయితో చెక్కిన వందల టన్నుల విగ్రహం అది. 1990 మార్చి 10న దాన్ని తెప్ప మీద తీసుకుపోతుంటే ఒరిగి నీళ్ళలో పడిపోయింది, మనుషులూ పోయారు. రెండేళ్ళకు పైగా అడుగునే ఉండి 1992 డిసెంబర్ 1న పైకెక్కి నిలబడింది. హవల్దారు మాకు దారి గుర్తుగా పెట్టింది కూడా బుద్ధుణ్ణే.

యాభై దాటిన మగవాళ్ళకు బరువుగా ఉండమంటే చిన్నతనం. మా స్నేహం ముప్ఫై ఏళ్ళుగా ఇరానీ చాయ్ మీద నడిచింది. అక్కడ ఎవరూ ఎవరికీ ఆర్డరు వెయ్యరు, ఏ మాటకైనా ఒక ఎదురుమాట ఉంటుంది, అదే మా సుఖం. పడవలో ఆ సుఖం పనికిరాదు. "ఇడువు!" అని హవల్దారు అరిస్తే, "ఇప్పుడిడిస్తే లోడ్ ఎట్ల బ్యాలెన్సయితదన్నా?" అని లేత్ మిత్రుడు అడిగేవాడు. ఆయన ప్రశ్న తప్పేం కాదు, మెషీన్ల మనిషి కదా. కానీ ఆ వాక్యం పూర్తయ్యేలోగా పడవ సగం పక్కకు పడుకునేది. సార్ మరో రకం. నీళ్ళు లోపలికి చిమ్ముతుంటే కూడా, "ఒకసారి అందరం అనుకుని చేద్దాం" అనేవాడు. "చెప్పినప్పుడు చెయ్యి సార్, ఎందుకన్నది ఒడ్డుకు పోయినంక అడుగు" అని హవల్దారు మర్యాదగానే చెప్పాడు. సార్ ఆ పూటంతా మాట్లాడలేదు. నా లెక్కలో ఆయన అత్యుత్తమంగా పనిచేసింది ఆ పూటే.

స్నేహితులను పడవెక్కించిన బాధ హవల్దారుకే కొత్తగా వచ్చింది కాదు. ఫ్రాన్సిస్ డ్రేక్ భూమి చుట్టూ తిరగడానికి బయలుదేరినప్పుడు థామస్ డౌటీ అనే మిత్రుణ్ణి వెంట తీసుకెళ్ళాడు. దారిలో చెడింది. 1578లో పటగోనియా తీరంలో విచారణ జరిపి ఆ మిత్రుడి తల తీయించాడు. ఆ తర్వాత పెద్దింటివాళ్ళు కూడా నావికులతో కలిసి తాళ్ళు గుంజాల్సిందేనని ఓడలవాళ్ళందరికీ చెప్పాడు. ఈ కథ మెట్రోలో చెబితే లేత్ మిత్రుడు కాసేపు కిటికీలోంచి ఎన్‌జీఆర్‌ఐ గోడను చూస్తూ ఉండిపోయాడు.

అనుభవం లేనివాళ్ళతో ప్రపంచం చుట్టడం కుదరదా అంటే, అది వాళ్ళను ముందు ఏం చేశామన్నదాన్ని బట్టి ఉంటుంది. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు నేవీ ఆఫీసర్లు, అందరూ ఆడవాళ్ళే, బయలుదేరి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్ళలో విశాఖపట్నం నుంచి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు నుంచి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. అంతకుముందు ఒంటరిగా భూమి చుట్టి వచ్చిన కెప్టెన్ దిలీప్ దోండే వాళ్ళకు గురువు. 56 అడుగుల ఆ పడవలో దక్షిణ సముద్రాల తుపాను గాలులను దాటింది ఈ ఆరుగురే. వాళ్ళను సముద్రం మీదికి పంపే ముందు చాలాకాలం సముద్రం మీదే నలిపారు. మాలాగా ఆషాఢంలో కొన్ని పూటలు వచ్చి కంకులు తిని పోలేదు.

అయితే మా నలుగురిలో ఒకడు అనుభవం లేనివాడు కాదని ఒక మధ్యాహ్నం బయటపడింది. గాలి నాచారంలో మాకు ముక్కుకు తెలుస్తుంది. ఒకవైపు నుంచి వీస్తే మందుల కంపెనీ, ఇంకోవైపు నుంచి వీస్తే మసాలా. సాగర్ మీద మాత్రం కంటితో చూడాలి. నీటిమీద నల్లని గీరలు పరుగెత్తుకొస్తే వెనకాల విసురుగాలి ఉన్నట్టు. ఆ రోజు ఆ గీరలను టెంట్‌హౌస్ అన్న హవల్దారుకంటే ముందు చూశాడు. ఎవరూ చెప్పకముందే చేతిలో తాడు జానెడు వదిలాడు. చాప ఫటఫటమంది, గాలి జారిపోయింది, పడవ నిటారుగా నిలబడింది. హవల్దారు ఏం మాట్లాడకుండా ఆయన వైపు చూశాడు.

ఒడ్డుకొచ్చాక అడిగితే అన్న తేలిగ్గా తీసేశాడు. షామియానా కింద గాలి దూరితే బిగించి పట్టుకోవద్దట. బిగిస్తే గుంజలతో సహా లేస్తుంది. గాలి వచ్చేవైపు ఒక తాడు వదిలి దాని దారిన దాన్ని పోనివ్వాలి, తగ్గగానే మళ్ళీ కట్టుకోవాలి. పెళ్ళి భోజనాలు నడుస్తుండగా అకాలవాన ముంచుకొస్తే ఆయన కూలీలను అరిచే అరుపు నేను విన్నాను. అప్పుడు ఎందుకని అడిగినవాడు మర్నాడు పనిలో ఉండడు. అందుకే ఇంకొకడు అరిస్తే ఆయన చెయ్యి దానంతటదే కదిలింది. ఎంత బిగిసినా ఒక్క లాగుకు విడిపోయేలా ముడి వెయ్యడం కూడా ఆయనకు కొత్త కాదు. ఆ ముడి హవల్దారు మాకు రోజూ నేర్పుతున్నాడు, మేం రోజూ మరిచిపోతున్నాం.

అప్పట్నుంచి హవల్దారుకు అన్న ఉంటేనే పడవ. మిగతా ముగ్గురం వంతులవారీగా బరువు. లేత్ మిత్రుడు చుక్కాని పిన్నులో ఆట ఎక్కువైందని కనిపెట్టి, కొలత తీసుకుపోయి ఒక బుష్ తిప్పించుకొచ్చి గౌరవం నిలబెట్టుకున్నాడు. సార్ నీళ్ళు తోడే డబ్బా బాధ్యత రాసిచ్చినట్టుగా తీసుకున్నాడు.

శ్రావణం రేపనగా హవల్దారు మళ్ళీ ఎప్పుడని అడిగాడు. అన్న బుకింగ్ డైరీ తీశాడు. శ్రావణం నిండా ముహూర్తాలు. భాద్రపదంలో గణపతి మండపాలు, ఆ రోజుల్లో సాగర్ కూడా ఖాళీగా ఉండదు. తర్వాత బతుకమ్మ, దసరా, ఆపైన కార్తీకం పెళ్ళిళ్ళు. పుష్యంలో ఖాళీ ఉంది, పుష్యంలో గాలి ఉండదు.

"అయితే వచ్చే ఆషాఢానికి ఇప్పుడే బుక్ చేసుకుంటున్న" అని హవల్దారు అయిదొందల నోటు తీశాడు. అన్న వద్దనలేదు. పెన్ను తీసి, కుర్చీలు, సైడ్‌వాల్సు అని అచ్చువేసిన రసీదు మీద అవి కొట్టేసి, 'మనిషి – 1' అని రాసి చింపి ఇచ్చాడు.