సలమాంకాలో ఒక తెలుగు వాక్యం

మా పెద్దమ్మాయి విశ్వవిద్యాలయంలో మూడవ సంవత్సరం చదువుతుండగా, ఒక సెమిస్టరు స్పెయిన్ దేశంలోని సలమాంకాలో చదువుకొని వస్తానని చెప్పినప్పుడు మేము సంతోషించలేదు. ఇందులో వింత ఏమీ లేదు. అమెరికా విద్యార్థులు కొంతకాలం విదేశంలో చదవదలచినప్పుడు ఎక్కువగా ఎంచుకునే దేశాలలో స్పెయిన్ ఎప్పుడూ ముందు వరుసలోనే ఉంటుంది. మేముండే న్యూజెర్సీలో స్పానిషు మాట వినబడని వీధి లేదు. అయినా మాకు మనసొప్పలేదు. చదివేది జీవశాస్త్రం కదా, దానికి స్పానిషుతో ఏమి పని అని పైకి అన్నాము. లోపలి మాట వేరు. పదేళ్లుగా ఇంట్లో తెలుగులో నోరు విప్పని పిల్ల పరాయి భాష కోసం సముద్రం దాటి పోతోందే అన్నది మా కష్టం.

నోరు విప్పకపోవడానికి కారణం ఒకటి ఉంది. అది ముందుగా చెప్పుకోవాలి.

అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు, ఒక ఉగాదినాడు, మన గుడి హాలులో పెద్దలందరూ కూర్చుని ఉండగా పరుగెత్తుకుంటూ వచ్చి, "పూజారిగారు వచ్చింది, ప్రసాదం వచ్చారు!" అని కేక వేసింది. హాలంతా నవ్వింది. మేమూ నవ్వాము. అందులో ఎగతాళి లేదు, ముద్దే ఉంది. మెల్లగా దిద్ది ఊరుకుంటే అక్కడితో పోయేది. కాని మేము ఆ వాక్యాన్ని ఇంటికి తెచ్చుకున్నాము. విందుకు వచ్చిన వారికి వడ్డించాము. తెనాలిలో ఉన్న బంధువులకు ఫోనులో వినిపించాము. మరుసటి ఉగాదికి అందరి ముందూ మళ్లీ గుర్తుచేశాము. ఆ తరువాత ఆదివారం తెలుగు తరగతి వేళకు అమ్మాయికి కడుపునొప్పి రావడం మొదలైంది. కొన్నాళ్లకు తరగతి మానింది. మేము తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. ఎవరైనా అడిగితే, "అర్థమవుతుందండీ, మాట్లాడదు" అని మేము చెప్పేవాళ్లము. ఈ మాట అనని తల్లిదండ్రులు మన గుడిలో ఎందరున్నారో మాకు తెలియదు. దానిని మేము పిల్లలో ఉన్న లోపంగానే ఎంచాము.

సెప్టెంబరు మొదటి వారంలో అమ్మాయి సలమాంకా చేరింది. మాడ్రిడ్‌కు వాయవ్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరాన, తోర్మెస్ నది ఒడ్డున, 800 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న నగరమది. అక్కడి విశ్వవిద్యాలయాన్ని లియోన్ రాజు తొమ్మిదవ అల్ఫోన్సో 1218లో స్థాపించాడు. స్పెయిన్‌లో నేటికీ నడుస్తున్న విశ్వవిద్యాలయాలలో అదే ప్రాచీనం. మన లెక్కలో చెప్పాలంటే, ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుడు ఏలుతున్న రోజులవి. రామప్ప గుడి కట్టి అప్పటికి 5 సంవత్సరాలు. ఊరంతా ఒకే రకం ఇసుకరాయితో కట్టారట. దగ్గరలోని విల్యమయోర్ గనులలో తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన కొద్దీ గట్టిపడి బంగారు రంగుకు తిరుగుతుందట. సాయంత్రం ఎండలో ఆ గోడల ఫోటోలు మాకు పంపేది. విశ్వవిద్యాలయం ముఖద్వారం మీది శిల్పాలలో ఒక పుర్రె, ఆ పుర్రె మీద ఒక కప్ప ఉన్నాయి. కప్పను ఎవరి సాయమూ లేకుండా కనిపెట్టిన విద్యార్థి పరీక్ష తప్పడని అక్కడి నమ్మకం. మా అమ్మాయికి మూడు రోజులు పట్టింది. కొబ్బరికాయ కొట్టి పరీక్షకు వెళ్లిన మాకు అందులో నవ్వడానికేమీ కనబడలేదు.

బస ఒక పెద్దావిడ ఇంట్లో. భర్త పోయిన మనిషి, పిల్లలు మాడ్రిడ్‌లో. ఏటా ఒక విద్యార్థినిని ఇంట్లో పెట్టుకుంటుంది. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇది మా అమ్మాయి అదృష్టమని తరువాత అర్థమైంది. అమెరికా నుండి వెళ్లిన పిల్లలు చాలామంది ఒకే చోట గుంపుగా ఉండి, తమలో తాము ఇంగ్లీషు మాట్లాడుకుంటూ, స్పెయిన్ చూసి వస్తారే గాని స్పానిషు తెచ్చుకోరు. మా పిల్లకు ఆ వీలు లేకపోయింది.

తిండి విషయంలో మొదటి నెల కష్టపడింది. మాంసం లేనిది కావాలని అడిగితే చేప ముక్కలు వేసి తెచ్చేవారట. పంది మాంసపు తునకలు కూరలో రుచి కోసం వేసినవే గనుక లెక్కలోకి రావని ఒక హోటలులో నచ్చజెప్పారట. పెద్దావిడ మాత్రం రెండు వారాలలో సంగతి గ్రహించి, గిన్నెడు పప్పు వేరుగా వండిపెట్టడం మొదలుపెట్టింది. శనగలు, పాలకూర కలిపిన వంటకం ఒకటి అమ్మాయికి బాగా నచ్చింది. మధ్యాహ్న భోజనం రెండున్నరకు, రాత్రి భోజనం పదింటికి. సాయంత్రం ఊరి నడిబొడ్డున ఉన్న ప్లాజా మయోర్ అనే పెద్ద చౌకులో చిన్నా పెద్దా అందరూ పనేమీ లేకుండా నడుస్తారు. "అందరూ అందరికీ తెలిసినట్లే ఉంటారు" అని అమ్మాయి రాసింది. తెనాలిలో అరుగు మీద కూర్చుని వీధిని పలకరించే అమ్మమ్మ మాకు గుర్తుకొచ్చింది. మాకు గుర్తుకొచ్చిందని రాశామే గాని, అమ్మాయికి గుర్తుకొచ్చిందో లేదో అడగలేదు.

అక్టోబరులో ఫోనులో ఒక ప్రశ్న వచ్చింది. స్పానిషులో ఒక వస్తువు నచ్చిందని చెప్పడానికి "మె గుస్తా" అంటారు. ఆ వస్తువే కర్త. నచ్చిన మనిషి "నాకు" అవుతాడు. తోటి అమెరికా పిల్లలందరూ "నేను ఇష్టపడుతున్నాను" అని ఇంగ్లీషు పద్ధతిలో చెప్పి తప్పులో పడుతుంటే, మా అమ్మాయికి మాత్రం ఆ పాఠం కష్టమే కాలేదట. తల నొప్పిగా ఉందన్నా, చలన చిత్రం నచ్చిందన్నా, రెండు డబ్బులు తక్కువయ్యాయన్నా అక్కడ "నాకు" అనే చెప్పాలి. ఎందుకు తెలుస్తోందో మొదట తెలియలేదట. ఒకనాడు తరగతిలో, "నాకు నచ్చింది" అన్న మాట చెవిలో మోగిందట. "తెలుగులో దీన్ని ఏమంటారు? దీనికి పేరుందా?" అని అడిగింది, ఇంగ్లీషులోనే.

మేమిద్దరమూ ఇంజనీర్లము. బడిలో విభక్తులు వల్లించినవాళ్లమే. కిన్, కున్, యొక్క అని ఈనాటికీ తడుముకోకుండా చెప్పగలము. కాని "నాకు ఆకలి" అనే వాక్యంలో ఆకలి ఏమి చేస్తోంది, నేను ఏమి చేస్తున్నాను అని ఎవరూ అడగలేదు, మేమూ ఆలోచించలేదు. తెలియదని చెప్పాము. పిల్లలకు ఈ మాట చెప్పడం మాకు అలవాటు లేదు.

ప్రశ్నలు అక్కడితో ఆగలేదు. అంతోనియో దె నెబ్రీహా అనే పండితుడు స్పానిషు భాషకు మొదటి వ్యాకరణం రాశాడనీ, అది 1492లో సలమాంకాలోనే అచ్చయిందనీ తరగతిలో చెప్పారట. కొలంబసు ఓడలు అమెరికా చేరిన సంవత్సరమే అది. నలుగురూ మాట్లాడుకునే భాషకు నియమాలు రాయడం ఎందుకు, అది తల్లి దగ్గర నేర్చుకునేదే గదా అనుకునే కాలం. "మనకు మొదట ఎవరు రాశారు?" అన్నది ఆమె ప్రశ్న. "మనకు" అన్న మాట మేము విన్నాము; విననట్లు ఊరుకున్నాము. ఆ రాత్రి పుస్తకాలు తిరగేసి మరునాడు చెప్పాము: పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన ఆంధ్రభాషాభూషణము అనే వ్యాకరణాన్ని తెలుగులోనే, పద్యాలలో రాశాడని. నెబ్రీహాకు రెండు వందల సంవత్సరాలకు పూర్వం. మా గొంతులో కొంత గర్వం ధ్వనించి ఉంటుంది. నిజానికి కేతన పేరు మేము పరీక్ష కోసం ఒకసారి చదివి, పరీక్షతో పాటే విడిచిపెట్టాము.

నవంబరులో ఒక శనివారం, మాకు సాయంత్రం నాలుగు గంటలు, అక్కడ రాత్రి పది, భోజనం ముగించి అమ్మాయి ఫోను చేసింది. గొంతు వేరుగా ఉంది. భోజనాల బల్ల దగ్గర చేయి తగిలి గాజు గ్లాసు కింద పడి పగిలిందట. కంగారులో, ఇంగ్లీషు మాటకు దగ్గరగా వినిపించే స్పానిషు మాటను పట్టుకొని, తాను చాలా "ఎంబరసాదా" అని చెప్పిందట. సిగ్గుపడుతున్నానని ఆమె ఉద్దేశం. స్పానిషులో ఆ మాటకు అర్థం గర్భవతి అని. ఇంగ్లీషు పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు పడే గొయ్యి అది.

పెద్దావిడ ఒక్క క్షణం పిల్ల ముఖంలోకి చూసిందట. నవ్వలేదట. వంగి గాజుపెంకులు ఏరుతూ, "సె తె ఆ రోతో" అన్నదట. నువ్వు పగలగొట్టావని కాదు. నీ చేతిలో పగిలిపోయింది అని. ఆ తరువాత, "మె దా వెర్గ్వెన్సా" అని నెమ్మదిగా రెండుసార్లు పలికి, నీవు చెప్పదలచినది ఇదే కదా అన్నట్లు తల ఊపిందట. అమ్మాయి ఆ వాక్యాన్ని తిరిగి పలికిన తరువాత, మొదటి మాటకు అర్థమేమిటో చెప్పిందట. అమ్మాయికి నవ్వు వచ్చింది. అప్పుడు గాని పెద్దావిడ నవ్వలేదు.

"మె దా వెర్గ్వెన్సా అంటే," అని మా అమ్మాయి ఆగింది. ఇంగ్లీషులో వెతుక్కుంటోందని అనుకున్నాము. "నాకు సిగ్గేసింది" అంది, తెలుగులో. కొంతసేపటికి మళ్లీ, "అమ్మా, నాన్నా, ఆ రోజు గుడిలో నాకు సిగ్గేసింది" అంది.

ఏ రోజు అని మేము అడగలేదు. మాలో ఒకరు క్షమించమన్నారు, మరొకరు ఏమీ అనలేకపోయారు. పదేళ్లుగా మేము చెప్పుకుని నవ్విన కథ ఆ గదిలో మా ఇద్దరి మధ్య కూర్చుని ఉంది. ఆ పెద్దావిడకు భాషాబోధనలో శిక్షణ ఏమీ లేదు. కాని గ్లాసు పగిలినప్పుడు ముందుగా పెంకులు ఏరాలని ఆమెకు తెలుసు.

ఇక అమ్మమ్మ సంగతి. న్యూజెర్సీకీ తెనాలికీ మధ్య కాలం ఎప్పుడూ అడ్డు. మేము తీరిక చేసుకునేసరికి ఆమె నిద్రపోయేది. సలమాంకాలో మధ్యాహ్న భోజనమై ఊరు తలుపులు వేసుకునే మూడున్నర, చలికాలంలో, తెనాలిలో రాత్రి ఎనిమిది. అమ్మమ్మ అన్నం తిని టీవీ కట్టేసి కూర్చునే వేళ. ఆ గంటలో తోచక, ఒకనాడు మాకు చెప్పకుండా అమ్మాయి ఆమెకు ఫోను చేసింది. తరువాత వారానికి మూడుసార్లు చేసింది. ఈ సంగతి మాకు అమ్మమ్మ చెప్పలేదు, అమ్మాయి చెప్పలేదు. డిసెంబరులో మా తమ్ముడి కోడలు చెప్పింది.

సలమాంకాలో ఫ్రాయ్ లూయిస్ దె లియోన్ అనే ఆచార్యుడి పాఠశాల గదిని నేటికీ చెక్క బల్లలతో అలాగే ఉంచారు. బైబిలులోని పరమగీతాన్ని స్పానిషులోకి తెచ్చినందుకూ, మరికొన్ని నేరాలు మోపీ 1572లో మత విచారణాధికారులు ఆయనను చెరలో పెట్టారు. దాదాపు ఐదేళ్లకు విడుదలై వచ్చి, అదే గదిలో నిలబడి, నిన్ననే పాఠం ఆపినట్లుగా మొదలుపెట్టాడని అక్కడ చెప్పుకుంటారు. జరిగిందో లేదో గాని, ఊరివారు దానిని వదులుకోరు. మొదటి రోజు ఫోను ఎత్తగానే అమ్మమ్మ ఏమన్నదని మేము అడిగాము. "ఏమ్మా, అన్నం తిన్నావా? ఆ దేశంలో పప్పు దొరుకుద్దా?" అన్నదట. ఇన్నేళ్లు ఎందుకు మాట్లాడలేదని అడగలేదట.

సంక్రాంతికి అందరమూ తెనాలిలో కలిశాము. అమ్మాయి తెలుగు బాగుపడిందని చెప్పలేము. మాటలు వెతుక్కుంటుంది, మధ్యలో స్పానిషు దొర్లుతుంది, విభక్తులు తారుమారు అవుతాయి. కనుమ నాడు అమ్మమ్మను గుడికి తీసుకువెళ్లడానికి ఆటో పిలిచాము. అమ్మాయి వీధిలో నిలబడి చూస్తోంది. ఇంటి నిండా చుట్టాలు.

"అమ్మమ్మా, ఆటో వచ్చారు!" అని కేక వేసింది.

మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చుట్టాలలో ఎవరో నోరు తెరవబోయారు.

"వచ్చారా? ఉండమను తల్లీ, చెప్పులేసుకుని వస్తన్నా" అంది అమ్మమ్మ.