డెబ్బై మూడేళ్ల వయసులో స్పోర్ట్స్ కారు కొనవచ్చునా?



ఈ శీర్షిక చూసి, ఎప్పుడూ రక్తపోటు గురించీ మధుమేహం గురించీ రాసే ఈ వృద్ధ వైద్యుడికి ఏమైందని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లో కూడా మొదట వచ్చిన ప్రశ్న అదే. కానీ గత సంవత్సరం నేను నిజంగానే ఒక స్పోర్ట్స్ కారు కోసం ఆరు నెలలు వెతికాను. వారం పొడుగునా ఇంటి పనులకు పనికిరావాలి, ఆదివారం నాడు మనసుకు ఉల్లాసం కలిగించాలి, ఇదీ నా షరతు. ఆ వెతుకులాటలో కార్ల గురించి తెలుసుకున్నది కొంత, నా శరీరం గురించి తెలుసుకున్నది మరికొంత. ఆ రెండో భాగం మీకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

కోరిక ఎప్పటిది?

1970లలో నేను వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు గాంధీ ఆసుపత్రి సికింద్రాబాద్ రైల్వే స్టేషను సమీపంలో ఉండేది. ముషీరాబాద్‌లోని పాత జైలు స్థలానికి అది తరలినది 2003లో. ఆ పాత ప్రాంగణంలో ఒక సీనియర్ సర్జన్‌గారి ఎర్రని స్టాండర్డ్ హెరాల్డ్ కారు నిలిచి ఉండేది. మద్రాసులో తయారైన ఆ రెండు తలుపుల బండికి ముందుభాగమంతా ఒకే మూతలా ముందుకు తెరుచుకునేది. డ్రైవరు మూత తెరిచి ఇంజను తుడుస్తూ ఉంటే చూస్తూ నిలబడి వార్డుకు ఆలస్యంగా వెళ్లి చీవాట్లు తిన్న రోజులు నాకు గుర్తున్నాయి.

ఆ తరువాత స్కూటరు వచ్చింది. చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాక మారుతి 800 వచ్చింది. పిల్లల చదువులు, జిల్లాలకు బదిలీలు, ఇంటి అప్పు వరుసగా వచ్చాయి. కోరిక ఎటూ పోలేదు, అడుగున ఉండిపోయింది.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు మనవడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. 2.8 కిలోమీటర్ల దారి, 18 మలుపులు. నేను యాభై ఏళ్లుగా తిరుగుతున్న ఊరిలో, ఆ సాగరం పక్కనే, విద్యుత్తుతో నడిచే పందెం కార్లు కీచుమంటూ దూసుకుపోయాయి. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఇంటికి వచ్చేటప్పుడు మనవడు, "తాతయ్యా, నీకూ అలాంటి కారు కావాలని ఉందా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఫారం 1ఎ

కారు చూడబోయే ముందు ఒక పాత సంగతి చెప్పాలి. నలభై ఏళ్లు దాటినవారు డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవడానికీ, పునరుద్ధరించుకోవడానికీ ఫారం 1ఎ అనే వైద్య ధ్రువపత్రం సమర్పించాలి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు పలకను గుర్తుపట్టగలరా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా, చెవులు వినబడుతున్నాయా అని అందులో ప్రశ్నలుంటాయి. చివర వైద్యుని సంతకం ఉంటుంది.

ప్రభుత్వ వైద్యునిగా నేను అలాంటి కాగితాలపై వందల సంతకాలు చేశాను. అన్నింటినీ శ్రద్ధగా పరీక్షించి చేశానని చెప్పలేను. ఓపీలో రెండు వందల మంది నిలబడి ఉన్నప్పుడు, తెలిసిన మనిషి నవ్వుతూ కాగితం చాపితే, "బాగానే కనబడుతోంది కదా?" అని ఒక్క మాట అడిగి సంతకం పెట్టిన సందర్భాలున్నాయి.

1990లలో ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తున్నప్పుడు అలా సంతకం పెట్టించుకున్న ఒక పెద్దమనిషి, కొన్ని నెలల తరువాత మా ఆసుపత్రికే వచ్చాడు. రోగిగా రాలేదు. ఆయన కారు తగిలి కాలు విరిగిన ఒక సైకిలు కుర్రవాడిని వెనుక సీట్లో పడుకోబెట్టి తీసుకువచ్చాడు. "ఎడమ పక్క నుంచి వచ్చాడు డాక్టరుగారూ, ప్రమాణపూర్తిగా నాకు కనబడలేదు" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. తరువాత కంటి వైద్యుడు పరీక్షిస్తే గ్లకోమా బయటపడింది. ఎదురుగా ఉన్న అక్షరాలన్నీ చదవగలడు, పక్క చూపు మాత్రం చాలావరకు పోయింది. ఈ జబ్బు స్వభావమే అది. నొప్పి ఉండదు, ఎర్రదనం ఉండదు, పోయిన చూపు పోయినట్లు రోగికే తెలియదు.

కుర్రవాడి ఎముక అతుక్కుంది, నడక మాత్రం మునుపటిలా కాలేదు. ఆ కాగితం మీద ఉన్నది నా సంతకం. ఆ సంగతి ఆ కుర్రవాడికి తెలియదు. నేను చెప్పలేదు.

అందుచేత ఈ వయసులో వేగంగా పోయే కారు కొనాలనుకున్నప్పుడు, ముందుగా పరీక్షించవలసినది కారును కాదని నాకు అనిపించింది.

నన్ను నేను పరీక్షింపజేసుకున్న విధం

నా దగ్గర హౌస్ సర్జన్‌గా పనిచేసిన ఒక నేత్ర వైద్యుని వద్దకు వెళ్లాను. "మీకు పరీక్షలెందుకు సార్, కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను" అన్నాడు. నేను చేసిన తప్పే నా శిష్యుడూ గౌరవం కొద్దీ చేయబోతున్నాడు. కొత్త రోగిని చూసినట్లు చూడమని గట్టిగా చెప్పాను.

కంటి ఒత్తిడి, పక్క చూపు పరీక్షలు సవ్యంగానే ఉన్నాయి. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది కనుక దూరపు చూపు బాగుంది. కానీ చీకట్లో ఎదుటి వాహనాల దీపాల చుట్టూ వలయాలు కనబడుతున్నాయి. వయసు మీరిన కంటిలో పాప చిన్నదవుతుంది. సహజ కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ల మనిషి నేత్రపటలానికి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల మనిషికి చేరేదానిలో సుమారు మూడో వంతు మాత్రమే. ఆపరేషన్‌తో కటకం మారుతుంది, పాప మారదు.

తరువాత మెడ. మన కార్లలో డ్రైవరు కుడి పక్క కూర్చుంటాడు. ఎడమ పక్క నుంచి దూసుకువచ్చే ద్విచక్ర వాహనాన్ని చూడాలంటే తల బాగా ఎడమకు తిరగాలి. నాది కుడికి బాగానే తిరిగింది, ఎడమకు సగం తిరిగి ఆగిపోయింది. ఇన్నేళ్లూ మెడకు బదులు నడుమును తిప్పి సరిపెట్టుకుంటున్నానని అప్పుడు తెలిసింది.

మూడవది తొడల బలం. దీన్ని మీరూ ఇంట్లో చూసుకోవచ్చు. గోడకు ఆనించిన మామూలు కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, చేతుల ఊతం లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోండి. పక్కన ఒకరిని నిలబెట్టుకోండి. 15 సెకన్లు దాటితే కాళ్ల బలం తగ్గిందని అర్థం. నాకు 17 సెకన్లు పట్టింది.

నాల్గవది మందులు. జలుబుకు వాడే కొన్ని మాత్రలు, నిద్రమాత్రలు, కొన్ని ఆందోళన మందులు మగతను కలిగిస్తాయి. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారికి చక్కెర హఠాత్తుగా పడిపోతే చేతులు వణకడంతో పాటు బుద్ధి కూడా మందగిస్తుంది. నేను రాత్రిపూట దురదకు వేసుకుంటున్న మాత్రను మార్పించుకున్నాను.

కూర్చుని చూసిన కార్లు

ఇక షోరూములకు బయలుదేరాను. మొదట చూసినది పైకప్పు తెరుచుకునే, ఇద్దరు మాత్రమే కూర్చునే ఒక జర్మన్ కారు, సెకండ్ హ్యాండుది. అందం గురించి చెప్పనక్కరలేదు. సీటు దాదాపు నేలకు ఆనుకుని ఉంది. లోపలికి జారిపోవడం సులువే. బయటికి రావడానికి అమ్మకపు కుర్రవాడు చెయ్యి ఇవ్వవలసి వచ్చింది. సీటు ఎంత కిందికి ఉంటే మోకాలు అంత ఎక్కువ మడవాలి, లేచేటప్పుడు చిప్ప మీద భారం అంత పెరుగుతుంది. మోకాళ్ల అరుగుదల ఉన్నవారు రోజుకు నాలుగైదుసార్లు ఈ శిక్ష అనుభవించాలా అని ఆలోచించుకోవాలి.

రెండో సంగతి మన రోడ్లు. మారేడ్‌పల్లిలోని మా ఇంటి నుంచి నేను వారంలో నాలుగు రోజులు కూర్చునే బొల్లారం క్లినిక్కుకు కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ మీదుగా వెళ్లాలి. ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా చేసిన లెక్క అది. గల్లీలలో ఎవరికి వారు కట్టుకున్న గట్టులకు ఏ లెక్కా లేదు. భూమికి పదకొండు పన్నెండు సెంటీమీటర్ల ఎత్తులో ఉండే కారు వాటి మీద పొట్ట రాసుకుంటుంది. పైగా స్పోర్ట్స్ కార్ల స్ప్రింగులు గట్టిగా ఉంటాయి. మలుపులో కారు ఒరగకుండా ఉండటానికి అది అవసరం. ఆ గట్టిదనం గుంటలో పడినప్పుడు నేరుగా మన నడుముకు చేరుతుంది. డిస్కు సమస్య ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

మూడో సంగతి మా ఆవిడ చెప్పింది. "ఏమండీ, అర్ధరాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఇందులో ఎక్కడ పడుకోబెడతారు?" అంది. ముప్పై ఆరేళ్ల సర్వీసులో మా కారు ఎన్నిసార్లు అంబులెన్సు అయిందో ఆమెకు తెలుసు. ఆ పెద్దమనిషి సైకిలు కుర్రవాడిని తెచ్చినది కూడా వెనుక సీటులోనే అని నాకు గుర్తొచ్చింది. అంతటితో రెండు సీట్ల ముచ్చట ముగిసింది.

వేగం లెక్క

మిత్రులారా, వేగం తప్పని నేను అనడం లేదు. దాని లెక్క తెలియాలంటున్నాను. ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ వ్యవధిలోనే కారు 25 మీటర్లు పోతుంది. పొడి రోడ్డుపై బ్రేకు పడి ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. మొత్తం 45. వేగం 120 అయితే చూసి కాలు వేసేలోగా 50 మీటర్లు, ఆగడానికి సుమారు 80 మీటర్లు, మొత్తం 130. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుంది. వయసు వల్ల మన స్పందన అర సెకను ఆలస్యమైతే 120 వేగంలో మరో 17 మీటర్లు కలపాలి.

158 కిలోమీటర్ల మన ఔటర్ రింగ్ రోడ్డులో వేగవంతమైన వరుసలలో 120 వరకు అనుమతి ఉంది. అనుమతి చట్టం ఇస్తుంది. ఆ 17 మీటర్లను మాత్రం చట్టం మనకు ఇవ్వలేదు.

చివరికి

రెండు నెలలు ప్రతి ఉదయం కుర్చీ వ్యాయామం, మెడ వ్యాయామాలు చేశాను. 17 సెకన్లు 12 అయ్యాయి. మెడ పూర్తిగా కాకపోయినా మెరుగుపడింది. అప్పుడు వెళ్లి ఐదుగురు కూర్చునే ఒక చిన్న కారు, హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, తెచ్చుకున్నాను. ఒక లీటరు టర్బో ఇంజను, 120 అశ్వశక్తి. మామూలు ఐ20 కన్నా స్ప్రింగులు కొంచెం గట్టివి. గేర్లు వాటంతటవే మారే రకం తీసుకున్నాను కనుక కార్ఖానా ట్రాఫిక్కులో ఎడమ మోకాలికి పని లేదు. కావాలనుకుంటే స్టీరింగు వెనుక ఉన్న మీటలతో గేర్లు మనమే మార్చుకోవచ్చు. పందెం కార్లు ఎరిగినవారు దీన్ని స్పోర్ట్స్ కారు అనరు. ఆదివారం తెల్లవారుజామున వికారాబాద్ దాటి అనంతగిరి కొండ మలుపుల్లో 50 వేగంతో వెళ్లేటప్పుడు నాకు కలిగే ఆనందం మాత్రం ఆ ఎర్రని హెరాల్డ్ దగ్గర నిలబడిన కుర్రవాడిదే.

కొన్ని నియమాలు పెట్టుకున్నాను. పొద్దు వాలాక స్టీరింగు పట్టను. కొత్త మందు మొదలుపెట్టిన వారం నడపను. ఏడాదికొకసారి కళ్లు పరీక్షింపజేసుకుంటాను. పక్కన కూర్చున్న మా ఆవిడ ఏ రోజున "ఇక చాలండి" అంటుందో, ఆ రోజున వాదించకుండా తాళం ఇచ్చేస్తాను. ఈ మాట మనవడి ఎదుట ఇచ్చాను, వాడు మరచిపోడు.

మీరు ఏ వయసువారైనా, కారు కొనబోయే ముందు ఆ సీటులో పది నిమిషాలు కూర్చోండి. ఐదుసార్లు ఎక్కి దిగండి. రెండు పక్కలా మెడ తిప్పి చూడండి. మీరు రోజూ తిరిగే దారిలోనే నడిపి చూడండి, షోరూమువారు చూపించే నున్నని దారిలో కాదు. మీ ఇంట్లో పెద్దవారికి లైసెన్సు కాగితం కావలసివస్తే, తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్లినా సరే, నిజమైన పరీక్ష చేయమని అడగండి.

యాభై ఐదు దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకే చెల్లుతుంది. నాది వచ్చే ఏడాది ముగుస్తుంది. ఆ ఫారం పట్టుకుని మళ్లీ నా శిష్యుని దగ్గరికే వెళతాను. ఈసారి అతను నన్ను చూడగానే కలం తీయడు, 25 మీటర్ల దూరంలో నంబరు పలక నిలబెట్టిస్తాడు. అది నాకు కనబడకపోతే సంతకం పెట్టవద్దని ముందే చెప్పి ఉంచాను.