ఏలిన దవడ, ఏరే దవడ

పొందూరులో ఖాదీ నూలు వడకబోయే ముందు, పత్తి గింజను అంటుకున్న పోగులను స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చేతిలో ఇమిడే ఆ ఎముకపై బారులు తీరిన సన్నని పళ్లు, ఒకనాడు వేటకై మొలిచి, నేడు దూదిలోని నలుసును ఏరుతున్నాయి.

వేటాడే దవడలను తలచుకుంటే, చూపు క్రిటేషియస్ యుగాంతానికి, అంటే 6.6 కోట్ల ఏళ్ల వెనక్కి సాగుతుంది. బల్లులకూ పాములకూ జ్ఞాతులైన మోససార్లనే సముద్ర సరీసృపాలు తమ దవడలతో కడలిని ఏలి, నేలపై తిరిగిన భారీ రాక్షసబల్లులతో పాటే అంతరించాయి. ఆ కాలపు జాడ మన నేలపైనా ఉంది: రాజమహేంద్రవరం చెంత కాటేరులో, గడ్డకట్టిన లావా పొరల నడుమ చిక్కిన సున్నపురాయి, ఆ యుగసంధి దరిదాపుల నాటి జలజీవుల గుల్లలను నేటికీ దాచుకుంది.

ఏలిన దవడలు రాయిగా మిగిలాయి. ఏరే దవడ మాత్రం చేతి వెచ్చదనంలో మెల్లగా అరిగిపోతూ, తెల్లని పంచె మడతలో ఒదిగిపోతోంది.