నేల మెత్తబడితే

సియాటిల్ చుట్టుపక్కల పాత మోటర్‌హోమ్ కొనబోయేవాళ్ళు ముందుగా ఇంజన్ ఎన్ని మైళ్ళు తిరిగిందని అడుగుతారు. నేనైతే ఇప్పుడు చెప్పులు విప్పేసి లోపల నేలంతా నడిచి చూస్తాను. గోడ వారగా, కిటికీ కింద, బాత్రూమ్ గడప దగ్గర. మడమ కింద నేల కాస్త దిగినట్టనిపించిందంటే అక్కడ చెక్క చివికిందన్నమాటే. పైన వినైల్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

మా బండిలో అది భోజనాల బల్ల కింద బయటపడింది. వినైల్ కోసి ఎత్తాక చూస్తే ప్లైవుడ్ ముదురు గోధుమరంగుకు తిరిగి, అడ్డంగా నిలువుగా పగిలి, చిన్న చిన్న గళ్ళుగా విడిపోయి ఉంది. ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపితే నశ్యంలా పొడైపోయింది. చెక్కకు బలమిచ్చే సెల్యులోజును శిలీంధ్రం తినేసి, లిగ్నిన్‌ని వదిలేస్తే మిగిలేది ఆ పొడే. స్క్రూలు విప్పబోతే పట్టు దొరక్క వట్టినే తిరిగాయి.

అంతమేరా కోసేసి కొత్త ముక్క బిగిస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో తేల్చకపోతే ఆ కొత్త ముక్కా చివుకుతుంది. నీళ్ళు చొరబడే చోటుకీ తడి కనిపించే చోటుకీ పొంతన ఉండదు. కప్పు అంచున దూరిన చుక్క గోడలోపలి చట్రాన్ని పట్టుకుని జారి, ఎక్కడో దూరంగా నేల అంచున తేలుతుంది. అందుకని మా ఆవిడ బయట నీళ్ళ పైపు పట్టుకుంది, నేను లోపల గోడ పలక ఊడదీసి టార్చి వేసుకుని కూర్చున్నాను. ఈ పని కింది నుంచి మొదలుపెట్టాలి. ఒక్కో అతుకు దగ్గర కాసేపు ఆగి పైకి రావాలి. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏది కారుతోందో అంతుపట్టదు.

"ఏమండీ, వస్తోందా?"

"కిటికీ దగ్గరేం లేదు. ఇంకాస్త పైకి పట్టు."

గోడా కప్పూ కలిసేచోట ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది. పైపు అక్కడిదాకా వెళ్ళాక లోపల సన్నటి ధార మెరిసింది. పట్టీ విప్పితే దాని వెనకున్న బ్యూటైల్ టేపు ఎండి బిరుసెక్కి ఉంది. ఎండకు సీలెంట్ గట్టిపడుతుంది, రోడ్డు మీద ప్రతి గతుకుకూ అతుకులు కదులుతాయి. కదలకుండా నిలబడే ఇంటికి ఈ బాధ లేదు.

కారేచోటు దొరికాక కూడా, ఇంత తక్కువ నీటికి ఇంత చెక్క ఎలా చివికిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. మా పక్కింటి పెద్దాయన చెక్క పడవలు బాగుచేసే పనిలో జీవితమంతా గడిపినవాడు. 1977లో చెక్క పడవల ఉత్సవం మొదలైన పోర్ట్ టౌన్‌సెండ్ ఊరి మనిషి. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూశావు సరే, ఎటునుంచి పోతున్నాయో చూశావా అని అడిగాడు. బండి కిందికి దూరి చూశాను. నేల అడుగున నల్లటి ప్లాస్టిక్ పట్టా బిగించి ఉంది. పైన వినైల్, కింద పట్టా. మధ్యలో చేరిన తడికి బయటపడే దారే లేదు.

చెక్క గురించి నా అవగాహన ఆ రోజుతో మారింది. తేమ 28-30 శాతం దాకా పెరిగి అలాగే నిలిచిపోతే శిలీంధ్రం స్థిరపడుతుంది. 20 శాతం లోపుకు ఆరితే అది పెరగలేదు. తడవడం వల్ల వచ్చే నష్టం కన్నా ఆరకపోవడం వల్ల వచ్చేదే ఎక్కువ. మన మండువా లోగిళ్ళలో వాన నట్టింట్లోనే కురిసేది కదా! చుట్టూ ఉన్న కర్ర స్తంభాలు జల్లుకు తడుస్తూనే తరాలపాటు నిలిచాయి. టేకు చేవ సంగతి సరే, వాటికి గాలి తగిలేది.

ఆ తర్వాత నేను తొందరపడలేదు. ఇక్కడ జూలై, ఆగస్టుల్లో వాన దాదాపు ఉండదు. పట్టా చింపేసి, నేల తెరిచిపెట్టి, ఫ్యాన్ పెట్టి ఆరనిచ్చాను. కోసేటప్పుడు సుత్తి పిడితో తట్టి విన్నాను. మంచి చెక్క ఖంగుమంటుంది, చివికినది డబ్బుమంటుంది. ఖంగుమన్న చోట కూడా ఇంకాస్త ముందుకే కోశాను, శిలీంధ్రపు పోగులు కంటికి కనిపించే మేరకన్నా దూరం పాకుతాయి కనుక. ఎపాక్సీ పోసి పాత చెక్కను గట్టిపరచుకోవచ్చని కొందరన్నారు. పొడైన చెక్కకు ఎపాక్సీ మునుపటి బలం తేలేదు, తడి ఉండగా పోస్తే ఆ తడిని లోపలే బంధిస్తుంది. కొత్తగా వేసింది మెరైన్ ప్లైవుడ్. దాని జిగురు నీటికి వీడదు, అయినా చెక్క చెక్కే, అదీ కుళ్ళుతుంది. నీళ్ళు ఎక్కువగా పీల్చేవి కోసిన అంచులే కాబట్టి, ఎపాక్సీ వాటికే పూశాను.

వినైల్‌ని ఈసారి జిగురుతో అంటించలేదు, ఊరికే పరిచాను. బల్ల కింద ఒక చదరాన్ని నాలుగు స్క్రూలతో విప్పుకునేలా వదిలాను. అక్టోబరు వానల ముందోసారి, అవి తగ్గాక మరోసారి దాన్ని ఎత్తి తేమ మీటరు గుచ్చి చూస్తాను. 20 దాటితే నిచ్చెన తీసుకుని కప్పెక్కడమే.