పాటకూ ఓ గడియారం ఉంటుంది

మీ ఫోన్‌లో పాట మోగుతున్నంతసేపూ లోపల ఓ గడియారం పరుగెడుతూ ఉంటుంది. టైమ్ చూపించేది కాదు, సెకనుకు కోటికి పైగా సార్లు కొట్టుకునే క్లాక్. అంకెల్లో దాచిన పాటను శబ్దంగా మార్చే చిప్‌ని ఆడియో కోడెక్ అంటారు. అది లయ తప్పకుండా నడిచేది ఈ క్లాక్ వల్లే. లినక్స్ కెర్నెల్‌లో ఆ క్లాక్‌ని కుదర్చడమే నా ఉద్యోగం.

చిక్కేంటంటే, లోకంలో పాటలకు రెండు లెక్కలున్నాయి. సీడీ పాటకు సెకనుకు 44,100 శాంపిల్స్. వీడియోల్లో ఆడియోకి 48,000. చాలా కోడెక్‌లకు దానికి 256 రెట్ల క్లాక్ ఇస్తాం. అంటే మొదటిదానికి 11.2896 మెగాహెర్ట్జ్, రెండోదానికి 12.288. ఒకదాన్ని ఎన్ని భాగాలు చేసినా రెండోది రాదు. అందుకే బోర్డు మీద రెండు ఆసిలేటర్లు పెడతారు, లేదా పీఎల్ఎల్ అనే సర్క్యూట్‌తో కావాల్సింది పుట్టిస్తారు. కోడెక్ డ్రైవర్‌కి తన చిప్ సంగతే తెలుసు. ఈ బోర్డులో ఏ క్లాక్ ఎక్కణ్నుంచి వస్తోందో దానికి చెప్పేది మెషిన్ డ్రైవర్.

ఓసారి సంగీతం నేర్చుకునే పిల్లల కోసం తయారవుతున్న స్పీకర్ బోర్డు మా దగ్గరికొచ్చింది. పాఠాలన్నీ 44,100 లెక్కలోవే. ప్లే చేస్తే గొంతు కాస్త సన్నగా, హడావుడిగా వినిపించింది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. ‘‘బానే ఉందిగా, ఎవరు కనిపెడతారు?’’ అన్నాడు పక్క సీటు మిత్రుడు.

నిమిషం ఫైల్ పెట్టి స్టాప్‌వాచ్ నొక్కాను. 55 సెకన్లకే అయిపోయింది! కోడెక్‌కి నిజంగా అందుతున్నది 12.288. బోర్డుతో పాటు వచ్చిన డ్రైవర్ మాత్రం 11.2896 అని చెబుతోంది. కెర్నెల్ చెప్పిన అంకెను నమ్ముతుంది, కొలిచి చూడదు.

ఐదు సెకన్లే కదా అనుకోకండి. ఒకటో శ్రుతిలో పాడిన పాఠం ఒకటిన్నర కూడా దాటిపోయింది. ఇంట్లో తంబూరా ఒకటికి పెట్టుకున్న పాప దీంతో కలిసి పాడబోతే? తేడా తన గొంతులోనే ఉందనుకుంటుంది. నా బెంగంతా అదే.

మార్పు చిన్నదే. శాంపిల్ రేటు తెలియగానే ముందు పీఎల్ఎల్‌ని దానికి తగ్గట్టు మార్చాలి, ఆ తర్వాతే ఆ అంకెను కోడెక్‌కి చెప్పాలి. పట్టుమని పది లైన్లు లేవు. మళ్లీ కొలిస్తే సరిగ్గా నిమిషం.

కెర్నెల్ వైపు రావాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. లాగ్ చూడండి, కానీ అక్కడే ఆగకండి. చెవి పెట్టి వినండి, వాచీ పట్టి కొలవండి. మిషన్ అబద్ధం చెప్పదు, దానికి మనం చెప్పిందే తిరిగి చెబుతుంది.