సుగ్గి లెక్క

'సుగ్గి' అనే మాటకు కన్నడంలో పంటకోతల కాలమని అర్థం. మా కోసిగి, ఆదోని, మంత్రాలయం పల్లెల్లో వలసకే ఆ పేరు. తుంగభద్ర పక్కనే పారుతున్నా మా మెట్టచేలకు వానే దిక్కు. చేను ఎండితే పత్తికీ మిరపకీ గుంటూరు వైపు, కట్టుబడి పనులకు బెంగళూరికి పోతాము. రాజంపేట, రాయచోటి వైపు వాళ్ళైతే కువైట్ దాకా పోతారు.

మాది ఆరెకరాల మెట్ట. అమ్మా నాయనా మూడు సుగ్గులు మిరప కోతకు పోయినారు. కాయ తూకాన్ని బట్టి కూలి. తూకం వేసేది ఆసామి, వ్రాసుకునేది మేస్త్రీ. ముందే అడ్వాన్సు తిన్నవాడికి నోరెక్కడిది? ఒకసారి లెక్క తీరే రోజున నాయన "ఇంతేనా మేస్త్రీ?" అంటే, "పుస్తకంలో ఉండేది అంతేనన్నా" అన్నాడట. "యాడ తగ్గిందో తెలిస్తే గదరా అడిగేది" అన్నాడు నాయన నాతో. ఆయనకు చదువు రాదు.

చట్టాలు లేవా? ఉన్నాయి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, కాంట్రాక్టరు తీసుకుపోయే కూలీకి ఫోటో ఉన్న పాసుబుక్కు, దారి ఖర్చు, నెల కూలిలో సగం అదనపు భత్యం ఇవ్వాలన్నది. కానీ అది రాష్ట్రం దాటినవాళ్ళకే. పక్కనున్న రాయచూరికి పోతే వలస కార్మికుడు. ఎంతో దూరాన ఉన్న గుంటూరికి పోతే కాడు! దాని స్థానంలో తెచ్చిన 2020 కోడ్ కూడా రాష్ట్రం దాటినవాళ్ళ గురించే మాట్లాడింది. పైగా ఐదుగురున్న చోట వర్తించేది పదిమందికి పెరిగింది.

1982లో ఢిల్లీలో ఏషియాడ్ స్టేడియాలు కట్టినవాళ్ళూ వలస కూలీలే. ముగ్గురు పరిశోధకులు అక్కడ తిరిగి నివేదిక వ్రాస్తే, పీయూడీఆర్ అనే హక్కుల సంఘం దాని ఆధారంగా జస్టిస్ భగవతికి ఉత్తరం వ్రాసింది. సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకున్నది. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని తీర్పు చెప్పింది. వ్రాసిపెట్టిన లెక్కకు అంత బలమున్నది.

అందుకే పోయిన సుగ్గికి మా ఊరి గుంపు చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చాము. తేదీ, పేరు, తూకం, అడ్వాన్సు: నాలుగే గళ్ళు. ఏడో తరగతితో బడి మానిన అక్క ఒకామె రోజూ రాత్రి దీపం దగ్గర కూర్చుని నింపింది. లెక్క తీరే రోజున రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టినారు. ఆరుమంది తూకం సరిదిద్దక మేస్త్రీకి తప్పలేదు. మిగతావాళ్ళకు మాత్రం ససేమిరా అన్నాడు.

వచ్చే సుగ్గికి ఆ అక్కను పిలవనన్నాడట! ఒక్క గుంపు దగ్గరే పుస్తకముంటే ఇదే జరుగుతుంది. అన్ని గుంపుల దగ్గరా ఉంటే ఎవరిని మానిపిస్తాడు?

మన కాలేజీలో ఈ పల్లెల పిల్లలు ఎందరో ఉన్నారు. ఎవరి ఊరికి వాళ్ళు పూనుకోవాలి. తల్లిదండ్రులు కదలక ముందే పిల్లలను సీజనల్ హాస్టల్లో చేర్పించే పని కూడా మనదే. వార్షికోత్సవం ఖర్చులో కొంత తగ్గించి యూనియన్ వారు దసరాలోగా ఈ పుస్తకాలు అచ్చు వేయించాలని నా మనవి. ఊరూరా పంచడానికి మేమున్నాము.