మజ్జిగ చెంబు

అన్నదమ్ముల తగవు వకీలు నోటీసు దాకా వచ్చాక, "ఎరుకలసానిని పిలిపించి అడుగుదాం" అని మా అమ్మ అన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది. తెలుగు ఎం.ఏ. చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నేను సోదికి చెవి ఒగ్గడమా! కాని అమ్మ మాట కాదనడం నాకూ రాదు, అన్నకూ రాదు.

తగవు మా పరిగి పొలంలోని ఉమ్మడి బోరుది. జయమంగళి పెన్నలో కలిసేది మాకు దగ్గరలోనే. అయినా ఏట్లో నీళ్ళు పారిన ఏడాదిని గుర్తుపెట్టుకుని చెప్పుకునే ఊరు మాది. మల్బరీ తోటకు బోరే ప్రాణం. మా ఊరు అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారిన 2022లోనే, నా వాటా పొలాన్ని అన్నకు చెప్పకుండా పరాయివాడికి కౌలుకిచ్చాను. అన్న మోటారు గదికి తాళం వేశాడు. నేను నోటీసు ఇప్పించాను. రెండేళ్ళు మాటల్లేవు.

ఆమె వచ్చి చేటలో రాగులు పోయించింది. అన్న చేయి పట్టుకుని, తరువాత నా చేయి పట్టుకుని, దేవతలను పేరుపేరునా పిలిచి, "పోరు నీళ్ళ మీద కాదు సామీ. చెప్పకుండా చేసిన పని మీద. చిన్నోడు ఒక్క మాటంటే పెద్దోడు తాళం తీస్తాడు" అంది.

ఒళ్ళు జలదరించింది. మరుక్షణమే అరుగు మీద ఖాళీ మజ్జిగ చెంబు కనిపించింది. మేము రాకముందు అమ్మ ఆమెతో ఎంతసేపు కూర్చున్నదో!

శ్రీనివాసుడు ఎరుకలసాని వేషంలో ఆకాశరాజు ఇంటికి వెళ్ళి ధరణీదేవికి సోది చెప్పిన కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. కూతురి మనసులోని మాట తల్లికి ఆ దారిన చేరింది. మా ఇంట్లో తల్లి మాట కొడుకులకు అదే దారిన వచ్చింది. అమ్మ తన నోట ఆ మాట అంటే, చిన్నవాడిది తప్పన్నదని నేను అలిగేవాణ్ణి. తాళం తియ్యమన్నదని అన్న అలిగేవాడు.

"అన్నా, నీకు చెప్పి ఇయ్యాల్సింది" అన్నాను.

అన్న నా వైపు చూడలేదు. "కౌలు ఎప్పటిదాకా?"

"ఉగాది దాకా."

"అయితే అంతవరకు వాడికీ వారానికి మూడు రోజులు నీళ్ళు పోనీ."

తరువాత లేచి, ఆమె సంచిలోకి రాగులు తానే కొలిచి పోస్తూ, "మజ్జిగ పుల్లగా లేదు గదా?" అని అడిగాడు.